లోహానికి విగ్రహవాక్యం

పూర్వులు పదార్థాలకు పెట్టిన పేర్లలో చాలా వరకు కంటికి కనబడినదానినే చెబుతాయి. మన రైతులు మైలుతుత్తం అని పిలిచే పదార్థం సంస్కృతంలో మయూరతుత్థం. నెమలి మెడ రంగు దానిది. అందుకే రసశాస్త్రజ్ఞులు దానిని శిఖిగ్రీవమని కూడా అన్నారు. పేరు వినగానే రంగు మనస్సులో మెదులుతుంది. అయితే ఆ నీలిమ ఎక్కడి నుండి వచ్చిందో, ఆ స్ఫటికంలో రాగి ఎవరెవరితో కలసి కాపురముంటున్నదో ఆ పేరు చెప్పదు. చెప్పాలని అది పుట్టలేదు కూడా.

నా బాల్యంలో మా నాయన నిమ్మతోటకు తెగులు సోకినప్పుడు మైలుతుత్తం, సున్నం కలిపి బోర్డో మిశ్రమం తయారుచేసేవారు. ఆ పనికి ఇనుప పాత్రను దరిచేరనిచ్చేవారు కాదు, మట్టితొట్టిలోనే కలిపేవారు. కలపడం పూర్తయ్యాక కొడవలి మొనను ఆ ద్రవంలో కాసేపు ముంచి తీసి చూసేవారు. ఇనుము మీద ఎర్రని పూత కనబడితే, ఇంకొంచెం సున్నపు తేట పోసేవారు. ఆ ఎర్రని పూత రాగి. తుత్తంలోని రాగి ఇంకా సున్నంతో పూర్తిగా కలియలేదనడానికి అది సాక్ష్యం. అక్షరాలు అంతగా రాని మా నాయనకు ఈ పరీక్ష కరతలామలకం. మైలుతుత్తాన్ని పెనం మీద వేడిచేస్తే నీలిరంగు పోయి తెల్లని పొడి అవుతుందనీ, నాలుగు చుక్కల నీరు చిలకరిస్తే మళ్ళీ నీలం వస్తుందనీ ఆయనే చూపించారు. రంగు రాగిది మాత్రమే అయితే వేడికి ఎందుకు పోవాలి? నీటిది అయితే నీటికి రంగే లేదు గదా! రాగి చుట్టూ నాలుగు నీటి అణువులు చేరి పట్టుకొని ఉండడం వల్ల కలిగిన రంగు అదని నేను చాలా కాలం తరువాత, రసాయనశాస్త్రం బోధించే నా సహోద్యోగి మాటల్లో విన్నాను. ఆ నీటి అణువుల స్థానంలోకి అమ్మోనియా వస్తే రంగు మరింత చిక్కబడి గాఢనీలమవుతుంది. రాగి అదే, చుట్టూ ఉన్న వారు మారారు.

నా పరిశోధన రోజుల్లో ఇటువంటిదే మరొకటి చూశాను. వెనుకటి లేఖకులు కరక్కాయ కషాయంలో అన్నభేది వేసి సిరా కాచుకొనేవారు. అన్నభేది లేత ఆకుపచ్చని ఇనుప లవణం. కరక్కాయలోని వగరు పదార్థం ఆ ఇనుమును చుట్టుకొని, గాలి తగిలిన కొద్దీ నల్లబడుతుంది. కాగితపు ప్రతులలో ఆ సిరా కొన్నిచోట్ల అక్షరం ఉన్నంత మేర కాగితాన్ని తినివేసి, అక్షరానికి బదులు అక్షరాకారంలో ఒక రంధ్రాన్ని మిగిల్చింది. పాఠనిర్ణయం చేయవలసిన వాడికి అది పెద్ద బాధ. అయినా వందల సంవత్సరాలుగా మన సాహిత్యంలో కొంత భాగాన్ని మోసుకొచ్చినది ఒక లోహపు సంశ్లిష్ట పదార్థమన్న సంగతి నాకు ఇప్పటికీ ఆశ్చర్యం గొలుపుతుంది.

ఐరోపాలోని రసాయనవేత్తలు కూడా మొదట మన మైలుతుత్తం దారినే నడిచారు. కోబాల్ట్ క్లోరైడూ అమ్మోనియా కలసిన లవణాలు పసుపు, ఊదా, ఆకుపచ్చ, గులాబి, ఇలా రకరకాల రంగుల్లో లభించాయి. పందొమ్మిదవ శతాబ్ది మధ్యకాలంలో ఫ్రెంచి రసాయనవేత్త ఎడ్మండ్ ఫ్రెమీ వాటికి లాటిన్, గ్రీకు భాషల రంగుల మాటలతో లూటియో, పర్పురియో, ప్రాసియో, రోజియో అని పేర్లు పెట్టాడు. పేర్లు సొగసుగానే ఉన్నాయి. చిక్కెక్కడ వచ్చిందంటే, ఆకుపచ్చని ప్రాసియోలోనూ, వంగపండు రంగు వయోలియోలోనూ ఉన్న మూలకాలు అవే, వాటి పాళ్ళూ అవే. ఒకే సరకుతో కట్టిన రెండు ఇళ్ళు రెండు రంగుల్లో ఎందుకున్నాయన్న ప్రశ్నకు రంగు పేరు జవాబు చెప్పలేదు.

జవాబు చెప్పినవాడు ఆల్ఫ్రెడ్ వెర్నర్. 1866లో జన్మించిన అతడు 1893లో, అంటే ఇరవై ఆరేళ్ళ ప్రాయంలో, తన సిద్ధాంతాన్ని ప్రకటించాడు. అర్ధరాత్రి దాటాక మెలకువ వచ్చి, తట్టిన ఆలోచనను మరునాటి సాయంకాలం వరకు ఏకబిగిన రాశాడని చెబుతారు. కవుల విషయంలో ఇటువంటి కథలు మనకు కొత్త కాదు కనుక నేను దానిని అనుమానించను. అతని వాదానికి ఆధారం సిల్వర్ నైట్రేట్‌తో చేసే సామాన్యమైన పరీక్ష. పసుపు లవణంలో మూడు క్లోరిన్లూ తెల్లని అవక్షేపంగా దిగాయి. ఊదా లవణంలో రెండే దిగాయి. ఆకుపచ్చ దానిలో ఒకటే. దిగనివి ఏమైనాయి? అవి లోహాన్నే అంటిపెట్టుకొని ఉన్నాయి. లోహానికి రెండు రకాల బంధుత్వాలున్నాయని వెర్నర్ అన్నాడు. ఒకటి విద్యుదావేశాన్ని సరిచూసుకొనే ప్రాథమిక సంయోజకత. రెండవది తన చుట్టూ నిర్ణీతమైన సంఖ్యలో, నిర్ణీతమైన దిక్కుల్లో ఇతరులను కూర్చుకొనే ద్వితీయ సంయోజకత. ఈ కోబాల్ట్‌కు ఆ సంఖ్య ఆరు. డెన్మార్క్‌కు చెందిన యోర్గెన్‌సెన్ ఈ వాదాన్ని ఏళ్ళ తరబడి ప్రతిఘటించాడు. ఆయన చేసిన నిశితమైన ప్రయోగాల ఫలితాలే వెర్నర్‌కు ఉపకరించడం విశేషం. మంచి ప్రతిపక్షి దొరకడం కూడా శాస్త్రకారుడికి ఒక అదృష్టమే. వెర్నర్‌కు 1913లో నోబెల్ పురస్కారం లభించింది.

ఇటువంటి పదార్థాలకు మన పాఠ్యపుస్తకాలు సమన్వయ సమ్మేళనాలని పేరు పెట్టాయి. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ఇంటర్మీడియట్ విద్యార్థులకు విజ్ఞానశాస్త్ర గ్రంథాలను తెలుగులో అందించింది. పరమాణువు, సంయోజకత, సమన్వయ సంఖ్య వంటి మాటలు ఆ పుస్తకాల ద్వారానే తరగతి గదుల్లో పాతుకుపోయాయి. లైగాండ్‌ను లైగాండ్‌గానే ఉంచడం కూడా నా దృష్టిలో వివేకమే. ప్రతి మాటకూ సంస్కృతపు తొడుగు వేయాలనే వారితోనూ, తెలుగులో శాస్త్రం చెప్పడం వృథా అనే వారితోనూ నాకు ఏకీభావం లేదు. అయితే సమన్వయం అనే మాటను ఎంచుకొన్న వారెవరో గాని, వారికి సాహిత్యంతో పరిచయం ఉండి ఉంటుందని నాకు అనిపిస్తుంది. పద్యానికి అన్వయం చెప్పడమంటే చెదరి ఉన్న పదాలలో ఏది దేనితో కలుస్తుందో చూపడమే. వాక్యం ఏర్పడాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడూ ఉండాలని శాస్త్రకారులు చెప్పారు. లోహ అయాన్‌లో ఖాళీ స్థానాలున్నాయి, అది ఆకాంక్ష. లైగాండ్ వద్ద ఇవ్వడానికి ఒక ఎలక్ట్రాన్ జంట ఉన్నది, అది యోగ్యత. రెండూ చేరువ కావాలి, అది సన్నిధి. ఉపమానాన్ని ఇంతకంటె సాగదీస్తే తెగుతుంది గనుక ఇక్కడితో ఆపుతాను.

ఈ విషయాలన్నీ నేను ఆలోచించవలసిరావడానికి కారణం ఒక విద్యార్థి. మా జూనియర్ కళాశాలలో తెలుగు తరగతికీ రసాయనశాస్త్రం తరగతికీ నడుమ ఉన్నది ఒక్క గోడే. ఈ పక్క నేను ప్రతిపదార్థం చెబుతుంటే ఆ పక్క నుండి హెక్సాఅమ్మీన్‌కోబాల్ట్ అని నలభై గొంతులు వల్లెవేయడం వినబడుతుంది. మైపాడు, కోడూరు వైపు తీరగ్రామాల నుండి కూడా మాకు విద్యార్థులు వస్తారు. వారిలో బై.పి.సి. రెండవ సంవత్సరం చదివే ఒకడు ఒకనాటి సాయంకాలం నా దగ్గరకు వచ్చాడు. వాళ్ళ నాన్న రొయ్యపిల్లల హేచరీలో కూలి. ఆ ఇంట పదవ తరగతి దాటినవాడు ఇతడొక్కడే.

"సార్, నేను చదువు మానుకొని మా నాన్నతో పాటు హేచరీ పనికి పోతాను. ఈ పేర్లు నాకు నోరు తిరగడం లేదు" అన్నాడు.

పుస్తకం తీసి ఒక పేరును చూపించి, "ఇది పేరా సార్, వాక్యమా?" అని అడిగాడు.

"సమాసం, నాయనా" అన్నాను.

అతడు నా వంక అపనమ్మకంగా చూశాడు. నేను చెప్పినది అతనిని ఓదార్చడానికి కాదు. నిజంగానే అది సమాసం. అందులో హెక్సా అంటే ఆరు. ముల్లోకాలు, నవధాన్యాలు అన్నప్పుడు సంఖ్య ముందు నిలిచినట్లే ఇక్కడా నిలిచింది, ద్విగువు. అమ్మీన్ అంటే లోహంతో కలసిన అమ్మోనియా. ఆ తరువాత లోహం. విశేషణం ముందు, విశేష్యం తరువాత. ఇది మన భాషకు సహజమైన వరుస. సంకేతంలో లోహాన్ని మొదట రాస్తారు. పేరులో మాత్రం లోహం లైగాండ్ల తరువాత వస్తుంది. పక్కన కుండలీకరణాల్లో వేసే రోమన్ అంకె లోహపు ఆక్సీకరణ స్థితి. ఇక విగ్రహవాక్యం: ఆరు అమ్మోనియా అణువులు చుట్టూ కలిగినదీ, ఆక్సీకరణ స్థితి మూడు గలదీ అయిన కోబాల్ట్ యొక్క క్లోరైడు. క్లోరిన్లు ఎన్నో పేరు చెప్పలేదు గదా అంటారేమో. అమ్మోనియాకు ఆవేశం లేదు, కోబాల్ట్‌కు మూడు ధనావేశాలున్నాయి, కాబట్టి క్లోరైడులు మూడే కావాలి. చెప్పకపోయినా తెలిసేదాన్ని కవి చెప్పడు. మనం అధ్యాహారం చేసుకొంటాం.

ఆ రోజు మేము మరొక పేరును కూడా విప్పాం. పొటాషియం హెక్సాసయనిడోఫెర్రేట్, ఆక్సీకరణ స్థితి రెండు. ఆరు సయనైడులకు ఆరు ఋణావేశాలు; ఇనుముకు రెండు ధనావేశాలు; మిగిలినవి నాలుగు ఋణాలు; కనుక పొటాషియంలు నాలుగు. గణవిభజన చేసినంత తేలికగా అతడే లెక్క తేల్చాడు. ఇక్కడ ఇనుము ఐరన్ కాకుండా ఫెర్రేట్ ఎందుకయిందని అడిగాడు. సంశ్లిష్ట అయాన్‌కు ఋణావేశం ఉంటే లోహం పేరుకు చివర ఏట్ అనే ప్రత్యయం చేరుతుంది. అప్పుడు ఇనుము తన లాటిన్ మూలమైన ఫెర్రమ్‌ను ఆశ్రయిస్తుంది. మామూలు మాటల్లో చెయ్యి అనే మనం సమాసంలో హస్తం అన్నట్లు. పాత పుస్తకాల్లో ఇదే పేరు హెక్సాసయనోఫెర్రేట్ అని ఉంటుంది. అంతర్జాతీయ రసాయనశాస్త్ర సంస్థ 2005లో వెలువరించిన సిఫారసులతో సయనో సయనిడో అయింది, క్లోరో క్లోరిడో అయింది. రెండు పుస్తకాల్లో రెండు రూపాలు కనబడినప్పుడు విద్యార్థులు బెదరనక్కరలేదు. వ్యాకరణాలూ కాలంతో మారుతాయి.

తెలుగు మాధ్యమంలో చదివేవారికి ఒక చిక్కు మాత్రం తప్పదు. లైగాండ్లు పలు రకాలైనప్పుడు వాటిని అక్షరక్రమంలో చెప్పాలి, సంఖ్యను లెక్కించకుండా. ఆ క్రమం ఆంగ్లాక్షరాలది. మన వర్ణమాలలో కకారం ముందు, బకారం చాలా వెనుక. అక్కడ బ్రోమిడో ముందు, క్లోరిడో తరువాత. తెలుగు వరుసలో రాసి మార్కులు పోగొట్టుకొన్న తెలివైన పిల్లలను నేనెరుగుదును. ఒత్తు విషయంలోనూ జాగ్రత్త కావాలి. అమ్మీన్ అని ద్విత్వంతో రాస్తే అది లోహానికి కట్టుబడిన అమ్మోనియా. ఒత్తు లేకుండా అమీన్ అని రాస్తే కర్బన రసాయనంలోని వేరొక కుటుంబం. ఒక్క ఒత్తుకు ఇంత విలువ ఉంటుందని తెలుగు ఉపాధ్యాయులం ఎంత మొత్తుకొన్నా నమ్మని పిల్లలు రసాయనశాస్త్రంలో నమ్ముతారు!

సంఖ్యావాచకాల విషయంలో మరొక సూక్ష్మం ఉన్నది. లైగాండ్ పేరులోనే డై, ట్రై వంటి సంఖ్య ఉంటే, బయట మళ్ళీ అటువంటి మాట వాడక బిస్, ట్రిస్ అని వేరే మాటలు వాడతారు. ఎందుకు? మూడు నాలుగు కాళ్ళ పీటలు అన్నామనుకోండి. పీటలు మూడా, కాళ్ళు మూడో నాలుగో ఉన్నాయా? ఆ సందేహం రాకూడదనే ఈ ఏర్పాటు. నియమాలన్నీ ఎవరో పిల్లలను వేధించడానికి చేసినవి కావు. ఒక్కొక్క నియమం వెనుక ఎక్కడో ఒక అపార్థం జరిగి ఉంటుంది. నెల్లూరి గడ్డ మీద ఈ మాట అనడానికి నాకు మరింత హక్కు ఉన్నదనుకొంటాను. తిక్కన సోమయాజికి దశకుమారచరిత్రమును అంకితమిచ్చిన కేతనే, తెలుగు భాషకు తెలుగులో తొలి వ్యాకరణంగా పేరొందిన ఆంధ్రభాషాభూషణమును రచించాడు. పదమూడవ శతాబ్దిలో ఈ ప్రాంతపు సాహిత్య వాతావరణంలో మాటల కూర్పుకు సూత్రాలు వెదకిన వాడొకడున్నాడన్నమాట.

పేరులో ఒక చిన్న పూర్వపదం ప్రాణంతో సమానమైన సందర్భం కూడా ఉన్నది. ప్లాటినం చుట్టూ రెండు అమ్మోనియాలు, రెండు క్లోరైడులు ఒకే తలంలో నిలిచిన సమ్మేళనం ఒకటి 1840ల నుండి రసాయనవేత్తలకు తెలుసు. ఒకే రకపు లైగాండ్లు పక్కపక్కన ఉంటే సిస్, ఎదురెదురుగా ఉంటే ట్రాన్స్. 1965లో అమెరికాలో బార్నెట్ రోసెన్‌బర్గ్, ప్లాటినం విద్యుద్ధ్రువాలున్న ద్రావణంలో సూక్ష్మజీవుల కణవిభజన ఆగిపోవడాన్ని గమనించి ప్రకటించాడు. ఆ దారిలో సాగిన పరిశోధనల ఫలితంగా సిస్‌ప్లాటిన్ క్యాన్సర్ ఔషధమయింది. 1978లో అమెరికాలో చికిత్సకు అనుమతి లభించింది. ట్రాన్స్ రూపానికి ఆ గుణం లేదు. అణువులో ఉన్నవన్నీ అవే. నిలిచిన చోట్లే వేరు. త్వష్ట చేసిన యజ్ఞం కథ నాకు ఇక్కడ గుర్తుకొస్తుంది. ఇంద్రశత్రు అనే సమాసాన్ని ఇంద్రుని చంపేవాడు అనే తత్పురుషంగా పలకవలసిన చోట, స్వరం మారి, ఇంద్రుడే చంపేవాడుగా గలవాడు అనే బహువ్రీహి అయింది. పుట్టిన వృత్రుడు ఇంద్రుని చేతిలో హతుడయ్యాడు. అక్షరాలు మారలేదు, మారినది అన్వయం.

ఆ విద్యార్థి చదువు మానలేదు. వారం తరువాత వచ్చి, హేచరీలో సంచి మీద అచ్చువేసిన పేరును నోటుపుస్తకంలో రాసుకొచ్చి చూపించాడు: డైసోడియం ఇథిలీన్‌డైఅమీన్‌టెట్రాఎసిటేట్. అందరూ ఇ.డి.టి.ఏ. అని పిలిచేది అదే. సముద్రపు నీటిలో లేశమాత్రంగా ఉండే రాగి వంటి లోహాలు మోతాదు మించితే రొయ్యపిల్లలకు హాని చేస్తాయి. వాటిని పట్టి ఉంచడానికి ఆ పొడిని నీటిలో కలుపుతారు. వాళ్ళ నాన్న ఏళ్ళ తరబడి ఆ సంచులు మోస్తున్నాడు. అందులో ఉన్నదేమిటో ఎవరూ ఆయనకు చెప్పలేదు. ఆయన అడగనూ లేదు. ఈ కుర్రవాడు పేరును విప్పాడు. "డైఅమీన్ అంటే రెండు నైట్రోజన్లు సార్, ఒత్తు లేదు. టెట్రాఎసిటేట్ అంటే నాలుగు. మొత్తం ఆరు చోట్ల లోహాన్ని పట్టుకొంటుందా?" అని అడిగాడు. గోడకు ఆవలి సహోద్యోగిని పిలిచి అడిగాను. అవునన్నారు. ఒకే అణువు ఆరు చేతులతో లోహాన్ని ఒడిసిపట్టుకొంటుంది. కోబాల్ట్ చుట్టూ ఆరు అమ్మోనియాలు నిలిచిన చోట ఇక్కడ ఒక్కటే నిలుస్తుంది. అందువల్ల ఆ పట్టు అంత సులభంగా వీడదు. కుర్రవాడు ఇంటికి వెళ్ళి సంచి మీది పేరును వాళ్ళ నాన్నకు చదివి వినిపించాడట. "ఆరు చేతులా!" అని ఆయన నవ్వాడట.

ఇటువంటి పట్టును కీలేట్ అంటారు. 1920లో మోర్గాన్, డ్రూ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఈ పేరు పెట్టారు. మన కీలుతో దీనికి చుట్టరికం లేదు; గ్రీకు భాషలో పీత ముందుకాళ్ళ పట్టుకు ఉన్న మాట నుండి పుట్టింది. మా తీరంలో పీత పట్టు ఎటువంటిదో వలలు విదిల్చే పిల్లలకు వేలితో తెలుసు. ఇన్ని పరాయి పేర్లలో ఈ ఒక్కటి వాళ్ళ ఇసుక మీద నుండి పోయినట్లే ఉంటుంది.

పీతకూ, రొయ్యకూ రాగితో ఉన్న సంబంధం అక్కడితో తీరలేదు. నీటిలో మోతాదు మించితే హాని చేసే ఆ రాగే వాటి రక్తంలో ప్రాణవాయువును మోస్తుంది. మన రక్తంలో ఆ పని చేసేది ఇనుము. పీత రక్తంలో రెండు రాగి పరమాణువులు ఎదురెదురుగా కూర్చొని, ఒక్కొక్కటి హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లపు భాగాలు మూడింటికి కట్టుబడి, తమ నడుమ ఒక ఆక్సిజన్ అణువును పట్టుకొంటాయి. ఆక్సిజన్ లేనప్పుడు ఆ రక్తానికి రంగుండదు, చేరగానే నీలమవుతుంది. ఆ పదార్థాన్ని హీమోసయనిన్ అంటారు. పరమాణువుల సంఖ్య వేలకు వేలు కనుక దానిని సమాసంగా కూర్చి పలకాలని ఎవరూ ప్రయత్నించరు. గ్రీకులో హైమ అంటే రక్తం, క్యానోస్ అంటే నీలం. రంగును చూసి పెట్టిన పేరు అది, మైలుతుత్తంలాగే.